కాకినాడ బియ్యం చేరే తీరం: బెనిన్ సమాజం, సంస్కృతి, ఆర్థిక వ్యవస్థ

కాకినాడ రేవు నుంచి పడమటి ఆఫ్రికాకు బయలుదేరే బియ్యం ఓడల్లో ఎన్నో కొటోనూ చేరతాయి. అది బెనిన్ దేశానికి ప్రధాన రేవు. మన దేశం నుంచి బాస్మతియేతర బియ్యాన్ని అత్యధికంగా కొనే దేశాల వరుసలో బెనిన్ ఏళ్ల తరబడి ముందు నిలుస్తూ వచ్చింది. ఈ సంగతి లెక్కల్లో చూసినవారికి ఒక సందేహం రావాలి. బెనిన్ విస్తీర్ణం సుమారు 1.15 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఇంచుమించు తెలంగాణ అంత. జనాభా 1.4 కోట్లకు అటూ ఇటూ, అంటే తెలంగాణ జనాభాలో సగం కూడా కాదు. పైగా పట్టణాల్లో అన్నం మామూలే అయినా, దక్షిణాన ఇంటింటి తిండి మన రాగి సంకటిని పోలిన మొక్కజొన్న సంకటి, కర్రపెండలం నుంచి తీసిన గారీ అనే రవ్వ; మధ్య భాగంలోనూ ఉత్తరానా దంచిన పెండలం ముద్ద, జొన్న. మరి ఇంత బియ్యం ఎవరు తింటున్నారు?

జవాబు తూర్పు సరిహద్దు అవతల ఉంది. 20 కోట్లకు మించిన జనాభా ఉన్న నైజీరియా తన రైతులను కాపాడుకోవడానికి దిగుమతి బియ్యంపై భారీ సుంకాలు వేసింది, ఆ తర్వాత భూమార్గంలో బియ్యం రావడాన్నే నిషేధించింది. నైజీరియా ఇళ్లలో ఎక్కువగా వండేది ఉప్పుడు బియ్యం. అందువల్ల కొటోనూలో తక్కువ సుంకంతో దిగిన బస్తాలు మోటారు సైకిళ్ల మీదా, ఉప్పుటేరుల్లో తిరిగే పడవల మీదా, అడవి దారుల గుండా సరిహద్దు దాటుతాయి. ఐరోపా, అమెరికాలు వాడి వదిలేసిన పాత కార్లు, శీతలీకరించిన కోడిమాంసం కూడా ఇదే దారి పట్టాయి. రేవులో వసూలయ్యే సుంకం బెనిన్ ఖజానాకు ముఖ్యాధారం. అంటే పొరుగు దేశం తన సరిహద్దు దగ్గర కట్టిన గోడ ఎంత ఎత్తు పెరిగితే బెనిన్ ఆదాయం అంత పెరుగుతుంది. దీన్ని కేవలం దొంగ రవాణాగా కొట్టిపారేస్తే ఆ సమాజం అర్థం కాదు. సరిహద్దుకు రెండు వైపులా ఉన్నది ఒకే యొరూబా, ఒకే గున్, ఒకే బారిబా జనం. వారి సంతలు ఆ గీతకన్నా ఎంతో పాతవి. ఆ గీత గీసినవారు పంతొమ్మిదో శతాబ్దపు చివర్లో పంపకాలు చేసుకున్న ఫ్రెంచి, ఆంగ్ల ప్రభుత్వాలవారు.

ఎదురు దిశలో నైజీరియా నుంచి వచ్చేది పెట్రోలు. దాన్ని అక్కడ క్పాయో అంటారు. అసలుది కాదు, నాసిరకం అని ఆ మాటకు అర్థం. నైజీరియాలో ప్రభుత్వ రాయితీతో చవగ్గా దొరికిన పెట్రోలును డబ్బాలకెత్తి తెచ్చి, బెనిన్ రోడ్ల పక్కన గాజు సీసాల్లో, పెద్ద పెద్ద గాజు జాడీల్లో పెట్టి అమ్మడం దశాబ్దాలుగా లక్షల మందికి జీవనాధారం. 2023 మే నెలలో నైజీరియా ఆ రాయితీని ఒక్క పెట్టున ఎత్తివేయగానే కొటోనూలో బండి నడిపేవారి ఖర్చు దాదాపు రెట్టింపైంది. అదే ఏడు సెప్టెంబరులో సరిహద్దు దగ్గర ఒక అక్రమ పెట్రోలు నిల్వ అంటుకొని 30 మందికి పైగా కాలిపోయారు. బెనిన్ రాజధాని పోర్టో నోవోకు చెందిన కళాకారుడు రోముయల్డ్ అజూమే ఈ ప్లాస్టిక్ పెట్రోలు డబ్బాలనే కోసి, మలచి, ముఖాలకు తొడిగే మాస్కుల్లా చేసి ప్రపంచ ప్రదర్శనశాలలకు చేర్చాడు. మోయగలిగినదానికన్నా ఎక్కువ నింపడానికి నిప్పుసెగ చూపి ఉబ్బించిన ఆ డబ్బాల్లో అతడు తన ప్రజల ముఖాలను చూశాడు.

ఈ ఆధారపడటం ఎంత ప్రమాదకరమో 2019 ఆగస్టులో తేలింది. నైజీరియా హఠాత్తుగా భూసరిహద్దులన్నీ మూసివేసి, 2020 డిసెంబరు దాకా తెరవలేదు. బియ్యం వ్యాపారి సంగతి అలా ఉంచితే, తన పొలంలో తాను పండించుకున్న టమాటాను, అల్లాడా పీఠభూమిలోని తియ్యటి అనాసను లాగోస్ సంతలకు పంపే చిన్న రైతు సరుకు కళ్లెదుటే కుళ్లిపోయింది. బెనిన్ ప్రభుత్వం ఏ తప్పు చేయకపోయినా, ఏ విధానం మార్చకపోయినా, నైజీరియా రాజధాని అబుజాలో తీసుకున్న ఒక నిర్ణయం పల్లె ఇంటి పొయ్యిని ఆర్పగలదు.

బెనిన్ అనే పేరు కూడా తూర్పు నుంచి తెచ్చుకున్నదే. 1960 ఆగస్టు 1న ఫ్రాన్సు నుంచి స్వాతంత్ర్యం పొందినప్పుడు దేశం పేరు దహోమే. 1975లో సైనిక పాలకుడు మత్యూ కెరెకూ ప్రభుత్వం ఎదురుగా ఉన్న బెనిన్ అఖాతం పేరును దేశానికి పెట్టింది. చారిత్రక బెనిన్ రాజ్యం మాత్రం నైజీరియాలోని ఎడో ప్రాంతంలో ఉండేది. ప్రపంచ ప్రసిద్ధమైన బెనిన్ కంచు శిల్పాలు ఆ రాజ్యానివి, ఈ దేశానివి కావు. దహోమే అనేది ఫోన్ అనే ఒక జాతి ప్రజల రాజ్యం మాత్రమే కాబట్టి, ఆ రాజ్యపు దాడులను ఎదుర్కొన్న మిగతా జాతుల వారికి ఆ పేరు మింగుడుపడలేదు. పేరు మార్పు వెనుక ఈ నొప్పి ఉంది.

ఆ నొప్పి మూలం బానిసల వ్యాపారం. అబోమే రాజధానిగా పెరిగిన దహోమే రాజ్యం 1724లో అల్లాడాను, 1727లో తీరపట్టణమైన విదాను గెలుచుకొని సముద్రం అంచుకు చేరింది. యుద్ధంలో పట్టుబడ్డవారిని ఐరోపా వ్యాపారులకు అమ్మి, తుపాకులు, మందుగుండు, గుడ్డలు కొని, వాటితో మళ్లీ యుద్ధం చేయడం దాని రాజ్యతంత్రంలో భాగమైపోయింది. ఒక్క విదా తీరం నుంచే సుమారు పది లక్షల మంది అట్లాంటిక్ దాటించబడ్డారని చరిత్రకారుల అంచనా. ఆ రాజుల నుంచి తప్పించుకోవడానికి కొందరు నోకూయే సరస్సు మధ్య గుంజలు పాతి ఇళ్లు కట్టుకున్నారు. ఆ గన్వియే గ్రామంలో ఇప్పటికీ వేలాది మంది నీటి మీదే బతుకుతున్నారు. బడికీ బజారుకూ పడవే. సరస్సు అడుగున కొమ్మలు గుచ్చి, వాటి మధ్య చేపలు చేరి పెరిగాక చుట్టూ వల కట్టి పట్టే అకాజా పద్ధతి వారిది. కొటోనూ అనే పేరుకే ఫోన్ భాషలో మృత్యునది ముఖద్వారం అనే అర్థం చెబుతారు.

విదాలో ఈ చరిత్ర పుస్తకాల్లో లేదు, ఇరుగుపొరుగులో ఉంది. అమ్మినవారి వారసులు, అమ్ముడుపోయి తిరిగి వచ్చినవారి వారసులు ఒకే వీధిలో ఉంటారు. బ్రెజిల్ నుంచి వచ్చి, దహోమేను ఏలిన గేజో రాజుకు ఆప్తుడై, బానిసల వ్యాపారంలో అపారంగా సంపాదించిన ఫ్రాన్సిస్కో ఫెలిక్స్ డి సౌజా వంశం ఈనాటికీ దేశంలోని పెద్ద కుటుంబాల్లో ఒకటి. విముక్తులై బ్రెజిల్ నుంచి తిరిగి వచ్చినవారిని అగుడాలు అంటారు. వారు తమతో పోర్చుగీసు ఇంటిపేర్లు, తాపీపని, వంటలు, ఊరేగింపుల పండుగలు తెచ్చారు. పోర్టో నోవోలోని పెద్ద మసీదును చూస్తే అది బ్రెజిల్‌లోని బయీయా చర్చి కాదని నమ్మడం కష్టం. కట్టినవారికి తెలిసిన గొప్ప కట్టడం అదే మరి. 1995లో విదా సముద్రతీరాన తిరిగిరాని ద్వారం అనే స్మారకం నిలబెట్టారు. 2024లో బెనిన్ ఒక చట్టం చేసి, బానిసలుగా తరలించబడిన ఆఫ్రికన్ల సంతతివారు పౌరసత్వం పొందే అవకాశం కల్పించింది. ఇందులో పర్యాటక ఆదాయం మీద చూపు కూడా ఉంది. అయినా తమ పూర్వీకులు అమ్మేశారని ఒప్పుకొని, తిరిగి రండి అని ఒక రాజ్యం పిలవడం చిన్న విషయం కాదు.

పంతొమ్మిదో శతాబ్దంలో బానిసల ఎగుమతి కష్టమయ్యేకొద్దీ గేజో రాజు (1818–1858) కాలం నుంచి తాటిజాతి నూనెచెట్ల తోటలు పెరిగాయి. వాటిలో పనిచేసినవారు మళ్లీ బానిసలే. అగోజియే అనే స్త్రీ సైనికదళం బలపడినదీ ఆ కాలంలోనే. 1892–94 యుద్ధంలో ఫ్రెంచి సేనలు బెహాంజిన్ రాజును ఓడించి, మార్టినిక్ దీవికి పంపి, అబోమే కోటలోని సింహాసనాలను, శిల్పాలను ఎత్తుకుపోయాయి. వాటిలో 26 మాత్రమే 2021 నవంబరులో ఫ్రాన్సు తిరిగి ఇచ్చింది. కొటోనూలో వాటిని ప్రదర్శనకు పెట్టినప్పుడు జనం బారులు తీరి చూశారు.

ఇక్కడి సంప్రదాయ మతమైన వొడున్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే దాన్ని మంత్రగాళ్ల క్షుద్రవిద్యగా చూపించిన సినిమాల నీడ మన మీదా పడింది. 2013 జనగణనలో వొడున్ తమ మతమని చెప్పుకున్నవారు 11.6 శాతం; ముస్లిములు 27.7, కాథలిక్కులు 25.5 శాతం. ఈ అంకెలు అసలు సంగతిని దాచేస్తాయి. ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబమే బిడ్డ పుట్టినప్పుడు ఫా అనే జోస్యం చెప్పించుకోవడం, పూర్వీకుల మొక్కు తీర్చడం దక్షిణాన సాధారణం. విదాలో కొండచిలువల గుడికి ఎదురుగా కాథలిక్కుల పెద్ద చర్చి ఉంటుంది, రెంటికీ మధ్య వైరం లేదు. వొడున్ అంటే కంటికి కనిపించని శక్తి. గుమ్మం దగ్గరా కూడలి దగ్గరా ఉండే లెగ్బాను ముందుగా పలకరించకుండా ఏ దేవతతోనూ మాట్లాడలేరు. ఉరుముకు ఎవియోసో అధిపతి. నేలకూ మశూచికీ సక్పాటా అధిపతి. పోచమ్మకూ పోలేరమ్మకూ బోనమెత్తిన తెలుగువారికి, రోగాన్నీ పంటనూ ఒకే దేవత చేతిలో పెట్టిన ఆ ఆలోచన వింతగా తోచదు.

కొత్తగా వచ్చినదాన్ని వెళ్లగొట్టకుండా పీట వేసి కూర్చోబెట్టడం ఈ మతం బలం. మామీ వాటా అనే జలదేవత ఆరాధన దీనికి మంచి ఉదాహరణ. ఇరవయ్యో శతాబ్దంలో భారతీయ వ్యాపారుల ద్వారా పడమటి ఆఫ్రికా చేరిన మన దేవుళ్ల క్యాలెండరు బొమ్మలు బెనిన్, టోగో తీరాల్లోని ఆమె గుళ్లలోకి వెళ్లాయి. మూడు తలల దత్తాత్రేయుడి పటం అక్కడ డెన్సు అనే దేవతకు రూపమైంది. సముద్రం అవతల నుంచి వచ్చిన బొమ్మలో తమ దేవతను గుర్తుపట్టినవారికి, ఆ పటం ముద్రించిన దేశం సముద్రపు లోతుల్లోని సంపదకు మరో పేరు. కెరెకూ మార్క్సిస్టు పాలనలో వొడున్ పూజారులు అణచివేతకు గురయ్యారు. 1990ల్లో గుర్తింపు వచ్చింది, జనవరి 10 జాతీయ సెలవుదినమైంది.

సంత లేకుండా బెనిన్ సమాజాన్ని ఊహించలేం, స్త్రీ లేకుండా సంతను ఊహించలేం. కొటోనూలోని డాంటోక్పా పడమటి ఆఫ్రికాలోని అతి పెద్ద సంతల్లో ఒకటి. దాన్ని నగరం వెలుపలి కొత్త బజార్లకు తరలించే పని ప్రభుత్వం చేపట్టింది. అక్కడ టోకు వ్యాపారం చేసే ఆడవారు బ్యాంకు మెట్లెక్కకుండానే పెట్టుబడి తిప్పుతారు. దానికి సాధనం టోంటీన్, అచ్చం మన చీటీ: పదిమంది చేరి రోజుకో వారానికో ఇంత వేసి, వంతులవారీగా మొత్తం అందుకోవడం. రోజూ అంగడి అంగడికీ తిరిగి డబ్బు వసూలు చేసేవారూ ఉంటారు. ఇంత ఆర్థిక స్వాతంత్ర్యం చట్టంలోకి ఆలస్యంగా చేరింది. 2004 నాటి కుటుంబ చట్టం ఏకపత్నీ వివాహాన్ని మాత్రమే గుర్తించింది, 2021లో గర్భస్రావ చట్టాన్ని పార్లమెంటు గణనీయంగా సడలించింది. పల్లెల్లో ఆచారం వేరే దారిలో నడుస్తూనే ఉంది. సంత వెనుక ఒక చేదు నిజం కూడా ఉంది. పల్లె బిడ్డను చదువుకో పనికో పట్నంలోని బంధువుల ఇంట పెట్టే పాత ఆచారం విడోమెగాన్ పేరుతో మిగిలి, ఎంతోమంది ఆడపిల్లలను తెల్లవారుజాము నుంచి నెత్తిన తట్టతో తిప్పుతోంది. బంధుత్వం అనే మాట అండగా ఉన్నందువల్లే దాన్ని బాలకార్మిక చట్టం పట్టుకోలేకపోతోంది.

సంచార పశుపాలకులైన ఫులానీ స్త్రీలు చేసే వగాషీ అనే జున్ను కూడా ఈ సంతల్లోనే దొరుకుతుంది. ఆవుపాలు విరగడానికి వారు వాడేది జిల్లేడు పాలు, ఆకుల రసం. మనం ఇంటి దరికి రానివ్వని చెట్టు అక్కడ వంటింటి సరుకు.

రాజకీయంగా బెనిన్ ఆఫ్రికాకు ఒకప్పుడు దారి చూపింది. ఫ్రెంచి పాలనలో దహోమే వాసులు బాగా చదువుకొని, మొత్తం పడమటి ఆఫ్రికా కచేరీల్లో గుమాస్తాలుగా, ఉపాధ్యాయులుగా పనిచేశారు. వలసపాలన ముగుస్తూనే ఐవరీ కోస్టు, నైజర్ వారిని వెళ్లగొట్టాయి. తిరిగొచ్చిన చదువరులకు చిన్న దేశపు ఖజానా ఉద్యోగాలు ఇవ్వలేకపోయింది. దక్షిణ, ఉత్తర ప్రాంతాల నాయకుల పోటీ దానికి తోడైంది. 1963 నుంచి 1972 మధ్య తిరుగుబాటు మీద తిరుగుబాటు జరిగింది. చివరిదానితో వచ్చిన కెరెకూ 17 ఏళ్లు పాలించాడు, అందులో ఎక్కువ కాలం ఏకపార్టీ పాలనే. 1989 నాటికి బ్యాంకులు కూలి, జీతాలు నెలల తరబడి ఆగి, వీధులు నిండాయి. అప్పుడు, 1990 ఫిబ్రవరిలో, దాదాపు 500 మంది ప్రతినిధులతో జాతీయ సదస్సు జరిగింది. ఆర్చిబిషప్ ఇసిదోర్ డి సౌజా అధ్యక్షత వహించాడు. సదస్సు తానే సార్వభౌమమని ప్రకటించుకుంది, సైనిక పాలకుడు దాన్ని అంగీకరించాడు, 1991 ఎన్నికల్లో నిసెఫోర్ సోగ్లో చేతిలో ఓడి దిగిపోయాడు. 1996లో ఓటుతోనే తిరిగి వచ్చాడు. తుపాకి పేలకుండా జరిగిన ఈ మార్పును చూసి టోగో, కాంగో, నైజర్ తమ సదస్సులు పెట్టుకున్నాయి.

ఆ వెలుగు ఇటీవల తగ్గింది. పత్తి వ్యాపారంలో కోటీశ్వరుడైన పత్రీస్ తలాన్ 2016లో అధ్యక్షుడయ్యాక రోడ్లు, మంచినీరు, పన్నుల వసూలు మెరుగుపడ్డాయి. 2019 పార్లమెంటు ఎన్నికల్లో మాత్రం ప్రతిపక్షం పోటీలోనే లేదు. 2021 డిసెంబరులో ప్రతిపక్ష నాయకురాలు రెక్యా మదూగూకు 20 ఏళ్లు, న్యాయశాస్త్ర ఆచార్యుడు జోయెల్ ఐవోకు 10 ఏళ్లు జైలుశిక్ష పడింది. పాలన చురుకుదనానికి స్వేచ్ఛను ధరగా చెల్లించాలన్న వాదన బెనిన్‌లో నిలవదు, ఎందుకంటే ఆ దేశం 1990లో పొందినదంతా మాట్లాడే స్వేచ్ఛ వల్ల పొందినదే. 2025 డిసెంబరు 7న కొందరు సైనికులు అధికారం చేజిక్కించుకోబోయి విఫలమయ్యారు. వారిని అణచడానికి నైజీరియా యుద్ధవిమానాలు వచ్చాయి. ఉత్తరాన, సహారా ఎడారి దక్షిణపు అంచైన సహెల్ నుంచి దిగివస్తున్న సాయుధ జిహాదీ ముఠాలది మరో ముప్పు. 2025 ఏప్రిల్‌లో ఒక్క రోజు దాడిలోనే 54 మంది సైనికులు చనిపోయారు. 2023లో ఉత్తరపు పొరుగు దేశం నైజర్‌లో సైన్యం అధికారం పట్టాక ఆ దేశంతో సరిహద్దు వివాదం మొదలై, మాలన్‌విల్ వంతెన మీదుగా సాగే రవాణా స్తంభించింది. నైజర్ చమురును సముద్రానికి చేర్చే సుమారు 2,000 కిలోమీటర్ల గొట్టపు మార్గం బెనిన్ తీరాన ముగుస్తుంది కాబట్టి, తగవు పడినా విడిపోలేని బంధం ఇరువురిదీ.

దేశంలో నిజంగా పండి, నిజంగా ఎగుమతయ్యేవి ప్రధానంగా పత్తి, జీడిపిక్కలు. బనికోరా చుట్టుపక్కల ఉత్తర జిల్లాల్లో పండే పత్తి వల్ల బెనిన్ కొన్నేళ్లు ఆఫ్రికాలోనే మొదటి స్థానంలో నిలిచింది. 2020–21లో ఉత్పత్తి ఏడు లక్షల టన్నులు దాటింది. జిన్నింగ్ అయిన దూది దాదాపు అంతా బంగ్లాదేశ్ వంటి దేశాల నూలుమిల్లులకు పోయేది. ప్రపంచ ధర పడిపోతే రైతును ఆదుకునే మరో కొనుగోలుదారు దేశంలో లేడు. యూరోకు 655.957 చొప్పున కట్టిపడేసిన, పడమటి ఆఫ్రికా దేశాలు కొన్ని ఉమ్మడిగా వాడే సీఎఫ్ఏ ఫ్రాంకు అనే నాణెం ధరలను అదుపులో ఉంచుతుంది గానీ, ఎగుమతి సరుకు చవక చేసుకోవడానికి సొంత నాణెం విలువ తగ్గించుకునే వీలు బెనిన్‌కు ఉండదు. 1994 జనవరిలో ఆ విలువను సగానికి కోసినప్పుడు కూడా ఆ నిర్ణయంలో ఫ్రాన్సు మాటే ముందు నిలిచింది.

ఈ చిక్కు నుంచి బయటపడే ప్రయత్నమే కొటోనూకు సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని గ్లో జిగ్బే పారిశ్రామిక వాడ. అక్కడ నూలు, బట్ట, కుట్టుబట్టలు, జీడిపప్పు తయారుచేసే మిల్లులు పెట్టారు. వాటికి ముడిసరుకు దక్కాలని 2024 ఏప్రిల్ నుంచి ముడి జీడిపిక్కల ఎగుమతిని నిషేధించారు. అంతవరకు బెనిన్ జీడిపిక్కల్లో అత్యధిక భాగం భారత్‌కూ వియత్నాంకూ వెళ్లేది. పలాస-కాశీబుగ్గ మిల్లులు స్థానిక పంట చాలక ఆఫ్రికా పిక్కలను తెప్పించుకుంటున్న సంగతి తెలిసినవారికి ఈ నిషేధం దూరపు వార్త కాదు. పిక్కను కాల్చి, పగలగొట్టి, పైపొట్టు తీసి, గుండూ బద్దా వేరుచేసే ఆ పని పలాసలో ఆడవారి చేతుల మీద నడిచినట్టే గ్లో జిగ్బేలోనూ నడుస్తోంది.

విధానం దిశ సరైనదే. సముద్రాలు దాటి వెళ్లి పొట్టు తీయించుకున్న పిక్క విలువలో రైతు దేశానికి మిగిలేది అతి తక్కువ. అయితే రెండు సంగతులు ఇంకా తేలవలసి ఉన్నాయి. 2023 జనవరిలో బెనిన్ కనీస వేతనాన్ని నెలకు 40,000 నుంచి 52,000 ఫ్రాంకులకు పెంచింది. మిల్లుల్లోని స్త్రీకి అంతకు మించి ఏమైనా దక్కుతుందా అన్నది మొదటిది. రెండోది పరాకూ దగ్గరి జీడితోట రైతుది. ఇదివరకు కొనడానికి విదేశీ వ్యాపారుల తరఫు దళారులు పోటీపడేవారు. ఎగుమతి మూసేశాక పిక్క కోసం వచ్చేది దేశీయ మిల్లులే. ప్రభుత్వం ఏటా కనీస ధర ప్రకటిస్తుంది. ఫిబ్రవరిలో కాపు మొదలై, ఇంట్లో గింజలు నిండుకునే వేళకు, ఆ ధర వచ్చేదాకా పిక్కను నిల్వ ఉంచుకోగల శక్తి ఎంతమంది రైతులకు ఉందో దాన్నిబట్టే ఈ నిషేధం ఎవరికి మేలు చేసిందో తెలుస్తుంది.